తెమడ చూడకుండా మందెలా రాస్తారండీ?

బ్లౌజు పీస్ కొనడానికి వెళ్ళేటప్పుడు చీర చేత్తో పట్టుకునే వెళ్తాం. పట్టుకెళ్ళకపోతే షాపబ్బాయే అడుగుతాడు, "చీర తెచ్చారా అమ్మా, రంగు చూడాలిగా" అని. అదే నెమ్ము చేసి, జ్వరంతో మూలుగుతున్న మనిషికి మందు రాసేటప్పుడు మాత్రం ఊపిరితిత్తుల్లో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. "స్ట్రాంగ్ యాంటీబయాటిక్ పెట్టామమ్మా, రెండ్రోజుల్లో తగ్గుతుంది" అంటారు. తగ్గకపోతే ఇంకా స్ట్రాంగ్‌ది పెడతారు. స్ట్రాంగ్ అంటే ఎవరి మీద స్ట్రాంగ్? క్రిమి మీదా, మన పర్సు మీదా?

నా కోపమంతా దీని మీదే. తెమడ కల్చర్ అనే పరీక్ష ఒకటుంది. కొత్తగా వచ్చిందేం కాదు, విదేశాల్లోనే దొరికేదీ కాదు. జిల్లా కేంద్రాల్లో ఒక మాదిరి ల్యాబ్ ఉంటే చాలు, చేస్తారు. అయినా దాన్ని చివరి అస్త్రంలాగా, అన్ని మందులూ అయిపోయాక, మనిషి ఐసీయూలోకి వెళ్ళాక గుర్తు చేసుకుంటారు. మొదటి రోజు అడిగితే వింతగా చూస్తారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను అనకండి. ప్రతి జలుబుకీ, ప్రతి దగ్గుకీ ల్యాబుకి పరిగెత్తమని నేను చెప్పడం లేదు. మామూలు జలుబు, గొంతు గరగర, పిల్లలు స్కూలు నుంచి మోసుకొచ్చే దగ్గు, ఇవి చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటికి యాంటీబయాటికూ అక్కర్లేదు, కల్చరూ అక్కర్లేదు. దగ్గు రెండు మూడు వారాలు సాగడం కూడా మామూలే. కళ్ళె పచ్చగా పడుతోంది కాబట్టి యాంటీబయాటిక్ వేయాల్సిందే అని మన పెద్దవాళ్ళూ అంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. ఆ పచ్చరంగు మన ఒంట్లోని తెల్లకణాలు పోరాడి చచ్చినప్పుడు వచ్చే రంగు. వైరస్‌తో పోరాడినా అదే రంగు వస్తుంది. రంగు చూసి మందు రాయడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం, రెండూ ఒకటే నా లెక్కలో.

అసలు ఆపద ఎక్కడంటే, యాంటీబయాటిక్ అక్కర్లేని చోట దాన్ని పప్పుబెల్లాల్లా పంచుతారు. నిజంగా కావలసిన చోట గుడ్డిగా విసురుతారు. మా వీధి చివర మందుల షాపులో నేను నిలబడి చూస్తుండగానే ఒకావిడ వచ్చి "మా ఆయనకి దగ్గు, అజిత్రోమైసిన్ ఇవ్వు బాబూ" అంది. చీటీ లేదు, ప్రశ్న లేదు. మూడు మాత్రల స్ట్రిప్పు కాగితం కవర్లో పడేశాడు. కరోనా రోజుల్లో ఈ మాత్ర ఎన్ని ఇళ్ళల్లో ఎన్నిసార్లు మింగించారో లెక్కే లేదు. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరిశోధన చేసి, ఆస్పత్రిలో ఉన్న కోవిడ్ రోగులకి అజిత్రోమైసిన్ వల్ల ప్రయోజనం లేదని 2021లోనే చెప్పారు. అయినా మన షాపుల్లో దాని గిరాకీ తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లని మూడు గుంపులుగా విడదీసింది. మొదటి గుంపు మామూలుగా వాడుకోదగ్గవి. రెండోది కాస్త కనిపెట్టి వాడాల్సినవి. మూడోది ఇంకేదీ పనిచేయనప్పటి కోసం దాచిపెట్టాల్సినవి. అజిత్రోమైసిన్ రెండో గుంపులో ఉంది. మన దగ్గర దాన్ని విక్స్ బిళ్ళలా అమ్ముతున్నారు.

"మాటిమాటికీ వాడితే ఒంటికి అలవాటైపోయి పనిచేయదట" అని చాలామంది అంటారు. ఇక్కడే పొరపాటు. అలవాటు పడేది మన ఒళ్ళు కాదు, క్రిమి. మందు దెబ్బకి బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి. పైగా తట్టుకునే విద్యని పక్కనున్న వేరే జాతి క్రిములకి కూడా నేర్పగలవు. కాబట్టి "నేనెప్పుడూ యాంటీబయాటిక్ ముట్టుకోలేదు, నాకేం భయం" అనుకోవడానికి లేదు. ఇంట్లో ఒకరి దగ్గర పెరిగిన మొండి క్రిమి, జన్మలో ఒక్క మాత్ర మింగని చంటిపిల్లకి కూడా అంటుకోవచ్చు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని హెచ్చరించాడు. అంటే మందు పుట్టినప్పుడే హెచ్చరిక కూడా పుట్టింది.

ఇప్పుడు ఆ పరీక్ష సంగతి. ఇది తెలిస్తే మీరు అడిగే తీరే మారిపోతుంది.

కల్చర్ అంటే మనం రోజూ రాత్రి చేసే పనే. పాలల్లో కాస్త పెరుగు కలిపి, వెచ్చగా ఉంచితే తెల్లారేసరికి తోడుకుంటుంది కదా. అక్కడ మనం పెంచేది మంచి బ్యాక్టీరియాని. ల్యాబులో తెమడ చుక్కని తీసుకెళ్ళి, జెల్లీలాంటి మేత పోసిన చిన్న పళ్ళేల మీద గీస్తారు. ఒక పళ్ళెంలో గొర్రె రక్తం కలిపి ఉంటుంది. ఇంకో దాంట్లో రక్తాన్ని వేడి చేసి కలుపుతారు, అది చాక్లెట్ రంగులోకి తిరుగుతుంది కాబట్టి దాని పేరే చాక్లెట్ అగర్. మన ఒంటి వేడిలాంటి వేడిలో ఒక రోజు ఉంచితే క్రిములు గుంపులు గుంపులుగా పెరిగి కంటికి కనిపిస్తాయి. క్లెబ్సియెల్లా అయితే జిగురుజిగురుగా. సూడోమోనాస్ అయితే పచ్చటి రంగు విడుస్తుంది.

తర్వాతే అసలు పని. పెరిగిన క్రిమిని వేరే పళ్ళెం మీద పరిచి, దాని మీద బొట్టుబిళ్ళంత తెల్ల కాగితం బిళ్ళలు పెడతారు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. మళ్ళీ ఒక రాత్రి ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే బిళ్ళ అంచుదాకా క్రిమి పాకేస్తుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి రిపోర్టులో మందు పేరు పక్కన ఒక అక్షరం రాస్తారు. ఎస్ అంటే లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యస్థం. మొత్తం రెండు మూడు రోజుల పని. పెద్ద ల్యాబుల్లో ఇదంతా మెషీన్ చేస్తుంది, ఇంకాస్త తొందరగా. మెషీన్ రిపోర్టుల్లో అక్షరం పక్కన ఒక అంకె కూడా ఉంటుంది. అది చిన్నగా ఉన్న మందే గొప్పదనుకుని పోల్చకండి, ఒక్కో మందుకి ఒక్కో లెక్క.

ఇంత చవకైన, ఇంత తేటతెల్లమైన పరీక్షని మొదటి రోజు ఎందుకు చేయరు?

మా అత్తయ్యకి ముప్ఫై ఏళ్ళు కట్టెల పొయ్యి పొగ. సిగరెట్టు అంటే ఏమిటో తెలియని మనిషికి సీఓపీడీ వచ్చింది. (వంటింటి పొగ వల్ల ఊపిరితిత్తులు పాడైన ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో. అదో పెద్ద కథ, ఇంకోసారి.) పోయినేడాది చలికాలంలో నెమ్ము చేసి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. చేరిన గంటలో సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించారు. అంతకుముందే నేను అడిగాను, "తెమడ కల్చర్‌కి తీసుకున్నారా?" అని. నర్సమ్మ డ్యూటీ డాక్టరు వైపు చూసింది. ఆయన నా వైపు చూసి "మీరు మెడికల్ ఫీల్డా?" అన్నాడు. కాదన్నాను. "మరి మాకు వదిలేయండమ్మా" అన్నాడు. మా మరిది నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "వదినా, వాళ్ళతో పెట్టుకోకు, మనిషి వాళ్ళ చేతుల్లో ఉంది" అన్నాడు. ఆ మాటకి నేనూ ఏమీ అనలేకపోయాను. నిజంగానే మనిషి వాళ్ళ చేతుల్లో ఉంది.

మూడో రోజుకి జ్వరం తగ్గలేదు. ఇంకో ఇంజెక్షన్ మార్చారు, రోజుకి వేలల్లో. ఐదో రోజు ఆయాసం పెరిగాక అప్పుడు తెమడ పంపారు. రిపోర్టులో క్రిమి పెరగలేదని వచ్చింది. పెరగలేదంటే లేదని కాదు. ఐదు రోజుల మందు తడిలో ఉన్న తెమడలో క్రిమి పళ్ళెం మీద లేవకపోవచ్చు, లోపల మాత్రం ఉండొచ్చు. ఏడో రోజు వెంటిలేటర్ పెట్టారు. గొంతులో ట్యూబు నుంచి తీసిన నమూనాలో క్లెబ్సియెల్లా తేలింది. రిపోర్టు నాకు చూపించమని పట్టుబట్టి ఫోటో తీసుకున్నాను. పైనుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్. ఎస్ అన్న అక్షరం మూడు చోట్లే ఉంది. అప్పటిదాకా ఎక్కించిన రెండు మందుల ఎదురుగానూ ఆరే.

24 రోజులకి ఇంటికొచ్చింది అత్తయ్య. వచ్చింది కాబట్టి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. ఆవిడతో పాటు ఆక్సిజన్ మెషీన్ కూడా వచ్చింది. నా గాజులూ, తోడికోడలి హారం బ్యాంకులో ఉన్నాయి. పెరట్లో కరివేపాకు కోసుకోవడానికి కూడా ఇప్పుడు ఆవిడ మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి.

నన్ను తినేసే ప్రశ్న డబ్బు గురించి కాదు. ఆ క్లెబ్సియెల్లా అత్తయ్యతో ఇంటినుంచి వెళ్ళిందా, ఆస్పత్రిలో అంటుకుందా? మొండి క్రిములకి ఐసీయూలు పుట్టినిల్లులాంటివి. ట్యూబుల్లోంచి, శుభ్రం చేయని చేతుల నుంచి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకుతాయి. మొదటి రోజు తెమడ తీసి ఉంటే తేలేది. తీయలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తేలదు. మొదటి రోజు పరీక్ష లేకపోవడం రోగికి నష్టం, ఆస్పత్రికి మాత్రం కవచం. ఈ మాట గట్టిగా అన్నందుకు నాకు ఇంట్లో చీవాట్లు పడ్డాయి. అయినా ఇంకోసారి అంటాను.

డాక్టర్లు చెప్పే జవాబులు నాకు తెలుసు. రిపోర్టు కోసం మూడు రోజులు ఆగితే రోగి ప్రాణం పోతుంది అంటారు. ఆగమని ఎవరన్నారు? తెమడ తీయడానికి పది నిమిషాలు. తీసి, వెంటనే మందు మొదలుపెట్టండి. రిపోర్టు వచ్చాక సరిచేసుకోండి. మనిషి బాగా ప్రమాదంలో ఉండి తెమడే రాకపోతే మందు ముందు, ఒప్పుకుంటాను. కానీ మా అత్తయ్య చేరిన రోజు గిన్నెలకి గిన్నెలు తెమడ కక్కింది.

తెమడ కల్చర్ నమ్మకమైనది కాదు, నోటిలో క్రిములు కలిసిపోతాయి అంటారు. నిజమే. నిజమెందుకంటే డబ్బా చేతికిచ్చి "ఇందులో ఉమ్మండి" అని వెళ్ళిపోతారు. రోగి ఉమ్మే ఉమ్ముతాడు. ఉమ్ము వేరు, తెమడ వేరు. ల్యాబువాళ్ళు ముందు మైక్రోస్కోపు కింద చూస్తారు. చీము కణాలు ఎక్కువుండి, నోటి లోపలి పొర కణాలు తక్కువుంటేనే అది లోపలి నుంచి వచ్చిన తెమడ. లేకపోతే మంచి ల్యాబు దాన్ని వెనక్కి పంపుతుంది. అందుకే ఈ పని మనమే దగ్గరుండి చేయించాలి. పొద్దున్న లేవగానే మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించాలి, మౌత్‌వాష్ వద్దు. రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి గట్టిగా దగ్గి తేవాలి. ల్యాబువాళ్ళిచ్చిన శుభ్రమైన డబ్బాలోనే పట్టాలి, ఇంట్లో ఖాళీ టానిక్ సీసాలో కాదు. రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి డోసు మందు పడకముందే తీయాలి.

ఖర్చు అంటారు. ఊరిని బట్టి కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు. ఐసీయూలో ఒక్క రోజు బిల్లులో గ్లౌజులకీ దూదికీ వేసే లెక్క అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఈ జవాబు మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఇంకో జవాబు ఉంది, ఇది మాత్రం ఊరికే కొట్టిపారేయలేం. "మేం యాంటీబయాటిక్ రాయకపోతే మీరే ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు" అంటారు. పోతున్నారు కూడా. మూడు రోజుల్లో పిల్లాడు స్కూలుకెళ్ళాలి, అమ్మ ఆఫీసుకెళ్ళాలి. మందు రాయని డాక్టర్ని "ఏం రాయలేదు, ఫీజు మాత్రం తీసుకున్నాడు" అని వీధంతా చెప్పుకుంటాం మనం. పిల్లాడికి నిజంగా ప్రమాదమైతే గుర్తులు వేరే ఉన్నాయి. డొక్కలెగరేయడం, పాలు తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండటం. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్ల నిమిషానికి 40 సార్లు, ఏడాది లోపు పసిబిడ్డ 50 సార్లు, రెండు నెలలు కూడా నిండకపోతే 60 సార్లు దాటి ఊపిరి తీస్తుంటే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇవేవీ లేని దగ్గుకి యాంటీబయాటిక్ రాయని డాక్టరు దొరికితే ఆయన్ని వదులుకోకండి.

ఇక టీబీ. మన ప్రభుత్వానికి ఇది చేతకాదు అనేవాళ్ళ నోరు మూయించే ఉదాహరణ ఇదే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అయినా ప్రభుత్వాస్పత్రికి వెళ్ళి తెమడ ఇస్తే సీబీనాట్ అనే మెషీన్‌లో పెట్టి, రెండు గంటల్లో టీబీ ఉందో లేదో చెప్పడమే కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి అది లొంగుతుందో లేదో కూడా చెప్తారు. ఉచితంగా. క్రిమి మొండితనం చూశాకే మందు నిర్ణయించాలన్న పద్ధతి అక్కడుంది. టీబీ తెమడకి ఉన్న మర్యాద న్యుమోనియా తెమడకి ఎందుకు లేదు?

ఇందులో ఇంకో మెలిక. లీవోఫ్లాక్సాసిన్ అనే మందు దగ్గుకి విచ్చలవిడిగా రాస్తారు. అది టీబీ క్రిమిని కూడా కాస్త అణుస్తుంది. లోపల టీబీ ఉన్న మనిషికి పది రోజులు అది వాడితే తగ్గినట్టే ఉంటుంది, పరీక్షలో దొరకడం ఆలస్యమవుతుంది, ఈలోగా ఇంట్లో ఇంకో ఇద్దరికి అంటుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆ మందు మింగేముందు తెమడ పరీక్ష చేయించి తీరాలి.

లెక్కలు కావాలా? 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన చావులు ప్రపంచంలో సుమారు 12.7 లక్షలు. అన్ని రకాల జబ్బుల్లోనూ ఈ మొండి క్రిముల ముడిపడ్డ చావులు ఎక్కువగా ఉన్నది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలోనే, 15 లక్షలకి పైగా. ఐసీఎంఆర్ ఏటేటా మన పెద్దాస్పత్రుల లెక్కలు బయటపెడుతోంది. ఐసీయూల్లో తిరిగే అసినెటోబాక్టర్ అనే క్రిమిలో పదింటికి ఎనిమిదికి మించి మెరోపెనెమ్‌కి లొంగడం లేదు. మెరోపెనెమ్ అంటే "పెద్ద ఇంజెక్షన్" అని మనకి గొప్పగా చెప్పేదే.

తప్పంతా వంటింట్లో అమ్మలదే అన్నట్టు పోస్టర్లు వేస్తారు చూడండి, "కోర్సు పూర్తి చేయండి, సొంత వైద్యం వద్దు" అని. వేయండి, తప్పులేదు. కానీ 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షిస్తే, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! శుద్ధి చేశాక ఉన్న లెక్క అది. ఆ వాగుల్లో క్రిములకి ఎంత ట్రైనింగు అయిందో ఊహించుకోండి. కోళ్ళఫారాల్లో బరువు పెరగడానికి కొలిస్టిన్ వాడేవారు, మనుషులకి ఆఖరి మందుగా దాచుకున్నదాన్ని. 2019లో గానీ కేంద్రం నిషేధించలేదు. కాబట్టి పాఠాలు మాకొక్కరికే వద్దు.

చట్టం కూడా ఉంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. లీవోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటివి అమ్మితే చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో షాపువాడు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు ఎవరైనా ఎప్పుడైనా రాశారా? కేరళలో 2024 నుంచి డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపుల మీద దాడులు చేస్తున్నారు. వాళ్ళు చేయగలిగింది మన రెండు రాష్ట్రాలూ ఎందుకు చేయలేవో మన ఆరోగ్య మంత్రులని అడగాలి.

మీ ఇంట్లో ఎవరినైనా నెమ్ముతో ఆస్పత్రిలో చేరిస్తే, ముఖ్యంగా గత మూడు నెలల్లో ఒకసారి ఆస్పత్రిలో ఉండి ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళయితే, సీఓపీడీ ఉంటే, షుగరుంటే, బయట వేసుకున్న మందుకి తగ్గక వచ్చినవాళ్ళయితే, మొదటి సెలైన్ పెట్టకముందే అడగండి. "తెమడ కల్చర్‌కి పంపారా? రక్తం కల్చర్ తీశారా?" అని. మీరు మెడికల్ ఫీల్డా అంటే, "కాదండీ, కోడల్ని" అనండి. లేదా "అమ్మని". కేస్ షీట్‌లో రాయమనండి. పంపకపోతే ఎందుకు పంపలేదో కూడా రాయమనండి, మర్యాదగానే. రాయమన్న మాటకి ఉన్న బలం అరుపుకి ఉండదు. మూడో రోజు రిపోర్టు మీరే అడిగి తీసుకోండి, డిశ్చార్జి దాకా ఆగకండి. ఫోన్‌లో ఫోటో తీసి, ఇంట్లో ఇంకో ఇద్దరికి పంపండి. మళ్ళీ ఎప్పుడైనా చేర్చాల్సి వస్తే ఆ ఫోటోయే కొత్త డాక్టరుకి ముందు చూపించాల్సింది. ఈ మధ్య మా తోడికోడలు వాళ్ళ నాన్నగారిని చేర్చినప్పుడు ఇలాగే అడిగింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, "అడిగారు కాబట్టి చెప్తున్నా, మొదటి డోసుకి ముందే తీశాం" అని డబ్బా మీద రాసిన టైము చూపించిందట.